వాన గడ్డకడితే మంచు కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే అభ్యాస పుస్తకాల్లో వాతావరణం మీద ఒక పాఠం తప్పకుండా ఉంటుంది. ఆ పాఠంలో మంచు ఎలా కురుస్తుందో చెప్పే పేరా కూడా ఒకటి ఉంటుంది. మల్కాజిగిరిలో మా కాలనీ పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లిష్ చెబుతుంటాను కనుక ఇలాంటి పుస్తకాలు నా చేతికి వస్తూనే ఉంటాయి. వాటిలో నాలుగో తరగతి పిల్లల కోసం అచ్చువేసిన ఒకదానిలో ‘వెన్ రెయిన్ ఫ్రీజెస్, ఇట్ బికమ్స్ స్నో’ అనే వాక్యం ఉంది. పిల్లలు ఆ వాక్యాన్ని పైకి చదువుతారు, చూచిరాత రాస్తారు, దాని ఆధారంగా ఖాళీలు పూరిస్తారు, పరీక్షలో అదే జవాబుగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. వ్యాకరణపరంగా ఆ వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చెప్పిన విషయమే తప్పు. వాన చినుకు గడ్డకడితే మంచు తయారు కాదు. ఈ తప్పును మీ పత్రిక పిల్లల పేజీ ద్వారా సరిదిద్దాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇది ఇంగ్లిష్ పాఠమే కదా, సైన్సు పాఠం కాదు కదా అని ఒక అమ్మాయి తల్లి నాతో అన్నారు. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ మన రాష్ట్రంలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టారు; ఒక పేజీలో తెలుగు, దాని ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. మా తరం వాళ్లం విషయాన్ని ముందు తెలుగులో నేర్చుకుని, ఆ తర్వాత దానికి ఇంగ్లిష్ వాక్యం వెతుక్కున్నాం. ఇప్పటి పిల్లలకు చాలాసార్లు భాష, విషయం రెండూ ఒకే వాక్యంలో, ఒకే రోజు అందుతున్నాయి. ఎదుటి పేజీలో తెలుగు లేని అభ్యాస పుస్తకంలో అయితే ఆ ఇంగ్లిష్ వాక్యమే వారికి దిక్కు. అందులో తప్పుంటే, ఆ తప్పు వారికి ఇంగ్లిష్ ఎంత బాగా వస్తే అంత గట్టిగా పాతుకుపోతుంది.

అసలు మంచు ఎలా పుడుతుందో చెబుతాను. సముద్రాల నుంచి, చెరువుల నుంచి, తడి నేల నుంచి, చెట్ల ఆకుల నుంచి నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ గాలి పైకి లేచే కొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించే కొద్దీ చల్లబడుతుంది. చల్లబడిన గాలిలోని ఆవిరి సన్నని దుమ్ము, ఉప్పు, పొగ రేణువుల చుట్టూ చేరి మేఘ బిందువులుగా మారుతుంది. మేఘ బిందువు మిల్లీమీటరులో యాభయ్యో వంతు వెడల్పు ఉంటే పెద్దదనే చెప్పాలి. అలాంటివి దాదాపు 10 లక్షలు కలిస్తే తప్ప ఒక మామూలు వాన చినుకు కాదు. ఇంతవరకు పాఠ్యపుస్తకాలన్నీ సరిగానే చెబుతాయి. దారి తప్పేది ఈ తర్వాతే.

నీరు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుందని పిల్లలు ముందే నేర్చుకుని ఉంటారు. గిన్నెలోని నీటి విషయంలో అది దాదాపు సరిపోతుంది కానీ, మేఘంలోని సూక్ష్మ బిందువు విషయంలో సరిపోదు. అది మైనస్ 10 డిగ్రీల్లోనూ, మైనస్ 20 డిగ్రీల్లోనూ ద్రవంగానే ఉండగలదు. లోపల మలినం ఏదీ లేని శుద్ధమైన బిందువైతే సుమారు మైనస్ 38 డిగ్రీల వరకు గడ్డకట్టదు. వీటినే అతిశీతల బిందువులు అంటారు. నీటి అణువులు స్ఫటికంగా వరుస కట్టాలంటే వాటికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం చాలావరకు నేల మీది నుంచి గాలికి లేచిన బంకమట్టి రేణువు. కొన్నిసార్లు మొక్కల ఆకుల మీద బతికే ఒక జాతి బ్యాక్టీరియా. అలాంటి రేణువు దొరికిన చోట మొదటి మంచు స్ఫటికం పుడుతుంది. ఆ మొదటి స్ఫటికం గడ్డకట్టిన మేఘ బిందువు కావచ్చు, అందులో సందేహం లేదు. కానీ అది కంటికి కూడా ఆనదు. అక్కడి నుంచి అది నేల మీదికి రాలేంత మంచు తునకగా పెరిగేది మాత్రం ఆవిరి వల్ల.

పిల్లలకు చెప్పవలసిన అసలు సంగతి ఇదే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒకే ఉష్ణోగ్రత వద్ద, ద్రవరూపంలోని నీటి నుంచి అణువులు తప్పించుకుని గాలిలోకి పోయినంత సులువుగా మంచు స్ఫటికం నుంచి పోలేవు. కాబట్టి బిందువులూ స్ఫటికాలూ కలిసి ఉన్న మేఘంలోని ఆవిరి, బిందువులకు సరిగ్గా సరిపోయేంత ఉన్నప్పటికీ, స్ఫటికాలకు అవసరానికి మించి ఉన్నట్టే లెక్క. ఆ మించిన ఆవిరి ద్రవంగా మారకుండానే నేరుగా స్ఫటికం మీద ఘనరూపంలో పేరుకుంటుంది. గాలిలో ఆవిరి తగ్గగానే చుట్టూ ఉన్న బిందువులు ఆవిరై ఆ లోటు తీరుస్తాయి. అదీ స్ఫటికానికే చేరుతుంది. ఈ విధంగా బిందువులు తరిగిపోతూ ఉంటే స్ఫటికం పెరుగుతూ ఉంటుంది. ఖండాలు కదులుతాయని ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనరే 1911లో ఈ ఆలోచనకు బీజం వేశారు. స్వీడన్‌కు చెందిన టోర్ బెర్గెరాన్, జర్మనీకి చెందిన వాల్టర్ ఫిండైసెన్ 1930లలో దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. ఇంత చరిత్ర నాలుగో తరగతికి అక్కర్లేదు. కానీ ‘ఆవిరి మంచవుతుంది’ అనే రెండు మాటల నిజాన్ని ఏ తరగతికైనా చెప్పవచ్చు, ఏ భాషలోనైనా చెప్పవచ్చు.

మరి వాన చినుకు నిజంగానే గడ్డకడితే ఏమవుతుంది? పైన కాస్త వెచ్చని గాలి పొర, నేలకు దగ్గరగా బాగా చల్లని పొర ఉన్నప్పుడు, కురుస్తున్న చినుకు దారిలో గడ్డకట్టి గాజు పూసలాంటి గట్టి గుళికగా నేల మీద పడుతుంది. చలి దేశాల వాళ్లు దాన్ని మంచుగా లెక్కించరు, దానికి వేరే పేరు పెట్టుకున్నారు. మన ప్రాంతంలో ఆకాశం నుంచి గడ్డకట్టి పడే నీరంటే వడగళ్లే. అవి మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే నిలువెత్తు క్యుములోనింబస్ మేఘాల్లో తయారవుతాయి. ఆ మేఘం లోపల గాలి జోరుగా పైకి తన్నుతుంటే, ఒక చిన్న మంచు గుళిక అక్కడే నిలిచి అతిశీతల బిందువులను ఢీకొంటూ, అవి తన మీద గడ్డకడుతుండగా లావెక్కుతుంది. పెద్ద వడగల్లును కత్తితో రెండుగా కోసి చూస్తే ఉల్లిపాయలో మాదిరిగా పొరలు కనిపిస్తాయి: ఒక పొర పాలలా తెల్లగా, ఒక పొర గాజులా స్వచ్ఛంగా ఉంటుంది. బిందువు తగిలీ తగలగానే గడ్డకట్టిన చోట గాలి బుడగలు చిక్కుకుని పొర తెల్లబడుతుంది. నీరు తీరికగా పరుచుకుని గడ్డకట్టిన చోట బుడగలు తప్పించుకుపోయి పొర స్వచ్ఛంగా ఉంటుంది. మళ్లీ వడగళ్లు పడినప్పుడు, వాన తగ్గిన తర్వాతే సుమా, పెద్దలు పిల్లలకు ఇది కోసి చూపించాలి.

2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి పరిసరాల్లో వడగళ్లు నేలంతా తెల్లగా పరుచుకున్నప్పుడు, తెలంగాణ కశ్మీరంగా మారిందంటూ ఆ దృశ్యాలు చాలామంది ఫోన్లలో తిరిగాయి. పంట నేలకొరిగిన రైతు కళ్లకు అది కశ్మీర్‌లా కనిపించదని వేరే చెప్పనక్కర్లేదు. పాఠం చెప్పేవాళ్లకు ఆ దృశ్యం మరో విధంగా ఉపయోగపడుతుంది. నీటి బిందువులు ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి వచ్చినవి వడగళ్లు. ఆవిరి నేరుగా స్ఫటికమై వచ్చింది మంచు. ఈ తేడాను పిల్లలు ఆ ఫొటోనూ కశ్మీర్‌లోని గుల్మార్గ్ మంచు ఫొటోనూ పక్కపక్కన పెట్టి నేర్చుకోగలరు. అలాగే చలికాలంలో లంబసింగి ఘాటీలో కనిపించే తెల్లని పొగమంచు గాలిలో తేలే నీటి బిందువుల గుంపే తప్ప స్ఫటికం కాదు.

మన నగరం పిల్లలకు మంచు ఎక్కడో దూరదేశపు వింత అనే భావనతోనే ఆ పాఠాలన్నీ రాస్తున్నారు. కోట్లు, కుచ్చుటోపీలు, పొగ గొట్టాల ఇళ్లు, క్యారెట్ ముక్కుతో మంచు బొమ్మ. నిజానికి వానాకాలంలో హైదరాబాద్ మీద కూడా మంచు కురుస్తుంది. నేల దాకా రాదు, అంతే. పైకి వెళ్లే కొద్దీ గాలి సగటున కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. వానాకాలంలో మనకు సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. ఉరుముల మేఘాలు 12 కిలోమీటర్లు దాటి పెరుగుతాయి. అంటే ఆ మేఘంలో సగానికి పైగా గడ్డకట్టే చలిలోనే ఉంటుంది. అక్కడ పైన చెప్పిన పద్ధతిలోనే మంచు స్ఫటికాలు పుడతాయి, పెరుగుతాయి, కిందికి రాలుతాయి, సున్నా డిగ్రీల మట్టం దాటగానే కరిగి చినుకులవుతాయి. సికింద్రాబాద్ రోడ్ల మీద మోకాళ్లలోతు నీళ్లు నిలబెట్టే ఆ పెద్ద చినుకుల్లో ఎన్నో, కొద్ది నిమిషాల కిందటి వరకు మంచే. అన్ని వానలూ అలా పుట్టవు. ఆకాశం తక్కువ ఎత్తులో మూసుకుని రోజంతా పట్టే ముసురులో మేఘానికి అంత ఎత్తు ఉండకపోవచ్చు. అక్కడ చిన్న బిందువులు ఒకదానితో ఒకటి కలిసి చినుకులవుతాయి. ఇదీ పిల్లలకు చెప్పదగినదే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. బేగంపేటలోని వాతావరణ కేంద్రం బెలూన్లు ఎగరేసి పై గాలి ఉష్ణోగ్రతను, తేమను కొలుస్తుంది. మంచు కరగడం మొదలయ్యే మట్టంలో తడి అంటిన తునకలు తరంగాలను బలంగా తిప్పికొట్టడం వల్ల వాతావరణ రాడార్లలో అక్కడొక మెరిసే పట్టీ కనిపిస్తుంది; వాన నిపుణులకు అది నిత్యం కనిపించే గుర్తు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009లో మొదలుపెట్టిన మేఘ పరిశోధనలో పరికరాలు అమర్చిన విమానాలు హైదరాబాద్ నుంచి కూడా ఎగిరాయి. శంషాబాద్ నుంచి విమానం ఎక్కినవాళ్లు 10 కిలోమీటర్ల పైన ఎదుటి తెరలో బయటి ఉష్ణోగ్రత మైనస్ 30కి దిగువన చూసే ఉంటారు. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని వదిలి, పరాయి దేశపు బొమ్మతో పాఠం ఎందుకు మొదలుపెట్టాలో నాకు అర్థం కావడం లేదు.

బొమ్మల మాట వచ్చింది కనుక మరో తప్పు కూడా మీ దృష్టికి తెస్తున్నాను. అభ్యాస పుస్తకాల అట్టల మీద, తరగతి గోడల మీద అలంకరణగా వేసే మంచు తునకల్లో ఎనిమిది రెక్కలున్నవి తరచుగా కనిపిస్తాయి. ప్రకృతిలో ఎనిమిది రెక్కల మంచు స్ఫటికం ఉండదు. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అల్లుకుని గడ్డకట్టినప్పుడు షడ్భుజాకారపు అమరిక ఏర్పడుతుంది. అందుకే స్ఫటికం మొదట ఆరు పలకల చిన్న బిళ్లగా పుడుతుంది. దాని ఆరు మూలలు గాలిలోకి కాస్త ముందుకు పొడుచుకుని ఉండటం వల్ల ఆవిరి వాటికి ముందు అందుతుంది, అవి త్వరగా పెరిగి ఆరు రెక్కలవుతాయి. అయితే స్ఫటికాలన్నీ నక్షత్రాలు కావు. సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర పలుచని బిళ్లలు, మైనస్ 5 దగ్గర సూదులు, స్తంభాలు, మైనస్ 15 దగ్గర మనం బొమ్మల్లో చూసే రెక్కల నక్షత్రాలు ఎక్కువగా తయారవుతాయి. ఈ సంగతిని ప్రయోగంతో తేల్చింది జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఉకిచిరో నకాయా. ప్రయోగశాలలో మంచు స్ఫటికాన్ని దేని మీద పెంచాలా అని ఎన్నో దారాలు, పోగులు ప్రయత్నించి, చివరికి ఒక కుందేలు వెంట్రుక కొన మీద 1936 మార్చి 12న ఆయన దాన్ని పుట్టించారు. ఆయనకు అర్ధశతాబ్దం ముందే, 1885 జనవరి 15న, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే పందొమ్మిదేళ్ల రైతు యువకుడు సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి మంచు స్ఫటికానికి ఫొటో తీశాడు. జీవితకాలంలో అలాంటివి 5000 పైగా తీశాడు. ఇంగ్లిష్ పాఠానికి ఇంతకన్నా మంచి కథలు ఏం కావాలి?

కాగితం కత్తిరించి మంచు తునక చేయించే ఉపాధ్యాయులకు చిన్న సూచన. గుండ్రని కాగితాన్ని వరుసగా మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే ఎనిమిది రెక్కలు వస్తాయి. ఒక్కసారి సగానికి మడిచి, వచ్చిన అర్ధవృత్తాన్ని మూడు సమభాగాలుగా మడిస్తే ఆరు వస్తాయి. శ్రమ రెంటికీ ఒకటే.

ఆవిరి నేరుగా మంచు కావడాన్ని మన ఇళ్లలోనే చూపించవచ్చు. తనంతట తాను మంచు కరిగించుకోని పాత ఒంటి తలుపు ఫ్రిజ్ ఉన్న ఇంట్లో, ఫ్రీజరు గోడకు తెల్లని మంచు నూగులా పట్టి ఉంటుంది. పాఠం చెప్పిన రోజు మా పిల్లల్లో ఒకమ్మాయి, ‘ఎవరూ నీళ్లు పోయలేదు కదా టీచర్, ఈ మంచు ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నలో పాఠమంతా ఉంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికి వెళ్లిన తేమగాలిలోని ఆవిరి ఆ చల్లని గోడ మీద నేరుగా పేరుకున్నది అది. చెంచాతో గీకితే పొడిపొడిగా రాలుతుంది, భూతద్దం పెట్టి చూస్తే సన్నని సూదులు కనిపిస్తాయి. దాని పక్కనే ట్రేలో నీళ్లు పోసి గడ్డకట్టించిన ఐసు ముక్క గట్టిగా, అంచుల్లో అవతలి వైపు కనిపించేటట్లు ఉంటుంది. ఒకటి ఆవిరి నుంచి, మరొకటి నీటి నుంచి వచ్చాయి. పిల్లలు రెంటినీ చేత్తో తాకి, తాము చూసినదాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పారు. కొన్ని క్రియాపదాల దగ్గర తడబడ్డారు, ఒకరినొకరు దిద్దుకున్నారు. వాక్యం వెనుక చూసిన వస్తువు ఉండటం వల్ల, ఖాళీలు పూరించే రోజుల్లో నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మంచు తెల్లగా ఎందుకుంటుంది, ఐసు ముక్క ఎందుకు ఉండదు అని కూడా వాళ్లే అడిగారు. మంచులోని లెక్కలేనన్ని స్ఫటికాల ముఖాలు కాంతిలోని అన్ని రంగులనూ అన్ని వైపులకూ చెదరగొట్టడమే అందుకు కారణమని చెప్పాను.

నగరంలో ఇందిరా పార్కు దగ్గరున్న స్నో వరల్డ్‌లో మంచు చూశామని చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. అక్కడ ఆడుకున్న ఆనందాన్ని తక్కువ చేయను. అయితే మనుషులు చేసే మంచు సాధారణంగా నీటిని సన్నని తుంపరగా చల్లని గాలిలోకి చిమ్మి గడ్డకట్టించిన గుళికలే కాబట్టి, అందులో ఆరు రెక్కల స్ఫటికాలు వెతికితే దొరకవని వారికి ముందే చెప్పాలి.

చలి ఉంటే చాలు మంచు కురుస్తుందనే మాట కూడా పుస్తకాల్లో ఉంది, అదీ సగం నిజమే. ఆవిరి లేకపోతే ఎంత చలి ఉన్నా మంచు లేదు. అంటార్కిటికా లోపలి పీఠభూమిలో అంతులేని చలి ఉన్నా, ఏడాది మొత్తం మీద పడే మంచు కరిగిస్తే కొద్ది సెంటీమీటర్ల నీరే అవుతుంది. మన హిమాలయాల్లో చలికాలపు మంచుకు ప్రధాన కారణం మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమను మోసుకొచ్చే వాయు అలజడులు. అవి రాని ఏడాది గుల్మార్గ్‌లో చలి ఉంటుంది, మంచు ఉండదు.

మీ పత్రికకు నా విన్నపం ఇది. వడగళ్ల కాలం మొదలయ్యే లోపు, అంటే ఫిబ్రవరిలోనే, పిల్లల పేజీలో మంచు మీద ఒక ద్విభాషా పాఠం వేయండి. ఎడమ వైపు తెలుగు, కుడి వైపు సరళమైన ఇంగ్లిష్ ఉండాలి. పది పన్నెండు వాక్యాలు మించకూడదు. అది హైదరాబాద్ మీది ఉరుముల మేఘంతో మొదలు కావాలి, ఫ్రీజరు గోడను పరిశీలించే పని ఒకటి ఉండాలి, బొమ్మలో మంచు తునకకు ఆరు రెక్కలే ఉండాలి. అచ్చుకు పంపే ముందు బేగంపేట వాతావరణ కేంద్రంలోని నిపుణుల్లో ఎవరి చేతనైనా ఒకసారి చదివించండి. భాష తెలిసినవారు రాసినదాన్ని విషయం తెలిసినవారు చూడకపోవడం వల్లే ఇలాంటి వాక్యాలు అచ్చులోకి వస్తున్నాయి. అభ్యాస పుస్తకాల ప్రచురణకర్తలు కూడా మరుసటి ముద్రణలో ఆ వాక్యాన్ని మార్చాలి. ‘వాటర్ వేపర్ టర్న్స్ ఇన్‌టు ఐస్ క్రిస్టల్స్ ఇన్ ఎ కోల్డ్ క్లౌడ్’ అంటే నాలుగో తరగతి పిల్లలు చక్కగా చదువుకోగలరు. మా పిల్లలు చదివారు. మీరు పాఠం సిద్ధం చేయిస్తే, అచ్చు కాకముందే మా కాలనీ పిల్లలతో చదివించి, ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో, ఏ వాక్యం అర్థం కావడం లేదో రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్